బండ్లబాట విలీనం

"నేటి నుంచి బండ్లబాట మన మయూర మెరిడియన్‌లో అంతర్భాగం. ప్రపంచంలో ఏ శక్తీ దీన్ని మన నుంచి విడదీయలేదు."

అధ్యక్షులు భీమేశ్వరరావుగారు ఈ చారిత్రక ప్రకటనను ఆదివారం ఉదయం క్లబ్ హౌస్ మెట్ల మీద నిలబడి మైకులో చదివారు. నిజానికి మైకు అవసరం లేదు. వినడానికి వచ్చినవాళ్ళు గుప్పెడు మంది, అందులో సగం మంది స్విమ్మింగ్ పూల్ నుంచి తువ్వాళ్ళు చుట్టుకుని వచ్చినవాళ్ళే. కానీ మైకులో చెబితే తప్ప చరిత్రకు వినపడదని ఆయన నమ్మకం.

మయూర మెరిడియన్ ఖాజాగూడ చెరువుకు ఇవతల లేచిన ఐదు టవర్ల అపార్ట్‌మెంటు. దానికి సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తున, అదే రంగులో కమల్ కాసా అని ఇంకొకటి. రెండింటి గేట్లూ రోజంతా ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ ఉంటాయి. మధ్యన ఉన్నదే బండ్లబాట. ఒకప్పుడు ఊరివాళ్ళ ఎడ్లబండ్లు చెరువుకు పోయిన దారి. ఇప్పుడు రెండు వైపుల కార్లూ మెయిన్ రోడ్డు ఎక్కడానికి ఉన్న ఏకైక దారి. అది ఎవరిదని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టే అందరూ దాని మీద హాయిగా తిరిగారు.

భీమేశ్వరరావుగారు సెక్రటేరియట్‌లో డిప్యూటీ సెక్రటరీగా రిటైరై, ఆ తరవాత రెండుసార్లు వరసగా అసోసియేషన్ అధ్యక్షులయ్యారు. వచ్చే ఆదివారం మళ్ళీ ఎన్నికలు. ఆయనకు మూడోసారి గెలవడం అవసరం. ఎందుకంటే కుర్చీలో ఉన్నంతకాలమే ఆయన 'ప్రెసిడెంటుగారు'. దిగిన మర్నాడు సి టవర్ అంకుల్. ముప్పై నాలుగేళ్ళు జీవోలు రాసిన చేత్తో కూరగాయల సంచి మోసే దృశ్యం తలుచుకుంటేనే ఆయనకు చెమటలు పట్టేవి.

అయితే దేశంలో పరిస్థితి బాగాలేదు. సి టవర్‌లో లిఫ్టు ఆగిపోయింది. మురుగుశుద్ధి యంత్రం చెడిపోయి, పొద్దున్నే వచ్చే గాలికి కాఫీ రుచి కూడా మారిపోతోంది. డి టవర్ యశస్విని ఈసారి ఆయన మీద పోటీకి దిగింది. ఆమె ఏదో బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు. మాట్లాడితే ప్రశ్నార్థకం తప్ప ఇంకో గుర్తు తెలియదు. ఆమె వెనకాల జనం లాబీలో స్టీలు కంచాలు కొడుతూ ఊరేగారు. ఆందోళన పెరిగిపోతోంది.

అలాంటి సమయంలో, పేపర్లో ఎక్కడో ఒక దేశం పక్క దేశం ముక్కను కలిపేసుకున్న వార్త చదువుతుండగా, భీమేశ్వరరావుగారి బుర్ర వెలిగింది. ఆ దేశంలోనూ లిఫ్టులు పనిచేస్తూ ఉండి ఉండవు.

"సర్, ఎలక్షన్ లోపు లిఫ్ట్ గురించి ఏదైనా అనౌన్స్ చేద్దామా?" అని సెక్రటరీ అవినాష్ అడిగాడు. అతనిది వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగం. అందుకని కమిటీలో వేశారు.

"లిఫ్టు బాగుచేస్తే ఎవరు గుర్తుపెట్టుకుంటారయ్యా? పైఅంతస్తుకి వెళ్ళేసరికి మర్చిపోతారు. అదే సరిహద్దు జరిపామనుకో, మనవలకి చెప్పుకుంటారు."

"కానీ సర్, బండ్లబాట మనది కాదు కదా?"

"కాదు కాబట్టే కలుపుకుంటున్నాం. మనదైతే కలుపుకోవడం ఎందుకు?"

అవినాష్ ఈ తర్కాన్ని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాడు. అప్పటికప్పుడు ప్రాంతీయ భద్రతా మండలి ఏర్పాటైంది. చైర్మన్ భీమేశ్వరరావుగారు, కన్వీనర్ అవినాష్, సభ్యులు తరవాత.

ప్రకటన అయిన గంటలోపు సెక్యూరిటీవాళ్ళు మన గేటు దగ్గరి బూమ్ బారియర్‌ను పీకి, బాటకు ఆ చివర పాతారు. ఆరు క్రోటన్ కుండీలు వరసగా పెట్టారు. విలీనం పూర్తయింది. ఒక్క తుపాకీ పేలలేదు. ఒక కుండీ మాత్రం పగిలింది.

విలీనమైన భూభాగంలో స్థానిక జనాభా ఒక్కడే. ఎల్లేశం. బాట మధ్యలో చాయ్ బండి పెట్టుకున్న ఖాజాగూడ పాతకాపు. భీమేశ్వరరావుగారు స్వయంగా వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, "ఎల్లేశం, నీకు శుభవార్త. ఇక నువ్వు మా వాడివి" అన్నారు.

"ఇన్ని దినాలు ఎవ్వని వాణ్ణి సార్?"

"ఎవరి వాడివీ కాదు. అదే నీ సమస్య."

"నాకేం సమస్య లేకుండే సార్. గా కుండీలు జర పక్కకు పెట్టుమనుండ్రి, గిరాకి ఆగుతున్నది."

కొత్తగా విముక్తి పొందిన ప్రజలకు కృతజ్ఞత అలవాటు కావడానికి కొంత సమయం పడుతుందని భీమేశ్వరరావుగారు సరిపెట్టుకున్నారు.

కమల్ కాసా ఊరుకుంటుందా? అక్కడి అధ్యక్షులు రామ్మోహనరావుగారు బ్యాంకులో రీజినల్ మేనేజరుగా చేసినవారు. ఒకరికి అప్పు కాదనడంలో ఉన్న సరదా రిటైరైనా తీరలేదు. మర్నాడు పొద్దున ఆయన బాటకు అడ్డంగా సున్నంతో గీత గీయించి, అవతలి సగం తమదని బోర్డు పెట్టించారు. గీత సరిగ్గా ఎల్లేశం బండి కింద నుంచి పోయింది. దాంతో స్టవ్ మయూర మెరిడియన్‌లోనూ, గిరాకీ కూర్చునే బల్ల కమల్ కాసాలోనూ పడ్డాయి.

"గిదేంది సార్?" అని ఎల్లేశం గీత మీద నిలబడి అడిగాడు. "చాయ్ కాసుడు ఒక రాజ్యంల, తాగుడు ఇంకో రాజ్యంల. నడిమిట్ల నేను గ్లాసు పట్టుకొని ఎటు వోవాలె?"

"ఎగుమతి అనుకోవయ్యా" అన్నారు భీమేశ్వరరావుగారు.

సరిహద్దు అన్నాక సైన్యం ఉండాలి. మెయిన్ గేటు దగ్గరి సెక్యూరిటీవాళ్ళను, పార్కింగ్‌వాళ్ళను, టవర్ల కింద కూర్చునేవాళ్ళను అందరినీ తెచ్చి గీత దగ్గర నిలబెట్టారు. రామ్మోహనరావుగారూ అదే చేశారు. ఇరుపక్షాలకూ మనుషుల్ని పంపేది ఒకే సెక్యూరిటీ ఏజెన్సీ. ఆ ఏజెన్సీవాళ్ళు షిఫ్టుల వారీగా మనుషుల్ని మారుస్తారు. పొద్దున మన వైపు నిలబడి శత్రువు కళ్ళలోకి చూసినవాడే, సాయంత్రం శత్రువుగా నిలబడి మన కళ్ళలోకి చూసేవాడు. ఇంత నిష్పాక్షికమైన సైన్యం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు.

మంగళవారం పొద్దున భీమేశ్వరరావుగారు సరిహద్దు తనిఖీ చేసి వస్తుండగా, మెయిన్ గేటు దగ్గర ఇద్దరు మనుషులు జిమ్ ట్రెడ్‌మిల్‌ను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తూ కనిపించారు. గేటు తలుపు మాటిమాటికీ మూసుకుపోతోంది. పట్టుకోవడానికి అక్కడ మనిషి లేడు. ఆయన ఏ భేషజమూ లేకుండా తనే వెళ్ళి తలుపు పట్టుకున్నారు.

"రిపేరుకా బాబూ?"

"అవు సార్."

"జాగ్రత్త. కొత్తది."

"మేం మస్తు జాగ్రత్తగ చూసుకుంటం సార్."

ప్రెసిడెంటుగారే గేటు పట్టి పంపిన ఆటోను సరిహద్దులో కూడా ఎవరూ ఆపలేదు. రిపేరుకు ఎవరూ చెప్పలేదన్న సంగతి మధ్యాహ్నానికి తేలింది. సాయంత్రం అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో యశస్విని ఒక్క వాక్యం పెట్టింది. "గేటు తెరిచి పట్టుకున్నదెవరు?"

భీమేశ్వరరావుగారు తడబడలేదు. మర్నాడు మైకు తెప్పించారు. "ఇది దొంగతనం కాదు. సరిహద్దు దాటి వచ్చిన కుట్ర. మన యువత శారీరక దార్ఢ్యం మీద శత్రువు కొట్టిన దెబ్బ. కాబట్టి సరిహద్దులో బలగాన్ని రెట్టింపు చేస్తున్నాం."

"అంకుల్, దొంగలు వెళ్ళింది మెయిన్ గేటు నుంచి" అంది యశస్విని. "అక్కడ ఎవరూ లేకపోవడం వల్ల."

"చూశావా అమ్మా? వాళ్ళు మన బలహీనత కనిపెట్టారు. అందుకే ఇంకా గట్టిగా ఉండాలి."

"ఎక్కడ?"

"సరిహద్దులో."

"మరి లిఫ్టు?"

"సైనికుడు ఎండలో నిలబడి ఉంటే నువ్వు లిఫ్టు అడుగుతున్నావా!"

జనం చప్పట్లు కొట్టారు. కంచాలు కొట్టిన చేతులే అవి. భీమేశ్వరరావుగారికి మూడో టర్ము కళ్ళ ముందు కనపడింది.

గురువారం నుంచి ఆంక్షలు మొదలయ్యాయి. శత్రుదేశంలో పనిచేసేవాళ్ళు మన దేశంలో పనిచేయకూడదు. ఆ నిబంధనను ఆయన ఒక పేజీలో, నాలుగు ఉపనిబంధనలతో, స్వయంగా డ్రాఫ్టు చేశారు. డ్రాఫ్టింగ్‌లో ఆయనకు సాటి లేరని సెక్రటేరియట్‌లో పేరు. తొమ్మిది గంటలకు భార్య నాగేశ్వరిగారు వంటింట్లోంచి వచ్చారు.

"ఏమండీ, నీలమ్మ రాలేదు."

నీలమ్మ ఎల్లేశం భార్య. పొద్దున రామ్మోహనరావుగారింట్లో, ఆ తరవాత వీళ్ళింట్లో వంట చేస్తుంది.

"రాదు. ద్వంద్వ విధేయత ఉన్నవాళ్ళని ఆపేశాం."

"అయితే వంకాయలు ఎవరు తరుగుతారండీ? మీ భద్రతా మండలా?"

"దేశం కోసం కొన్ని త్యాగాలు చెయ్యాలి నాగేశ్వరీ."

"అలాగే. ఇవాళ అన్నం, మజ్జిగ. దేశం నిలదొక్కుకునేవరకూ అదే."

నీలమ్మ ఫోన్లో ఇంకా సూటిగా మాట్లాడింది. "అమ్మా, గా సారు ఇంట్ల గిట్లనే ఉన్నది. ఆయన గూడ మజ్జిగే తాగుతున్నడు. ఇద్దర్ని కూసోబెట్టి ఒక్క కుండల వొయ్యుండ్రి."

ఇంతలో క్యాబులు రావడం మానేశాయి. "సార్, లోపల ఏదో లొల్లి నడుస్తున్నదంట గదా, మీరే మెయిన్ రోడ్డు మీదికి రాండ్రి" అని డ్రైవర్లు క్యాన్సిల్ కొట్టేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్ సంచులతో, ముందు మన చెక్‌పోస్టు, తరవాత వాళ్ళ చెక్‌పోస్టు, రెండు చోట్లా ఫోన్లో గేటు అనుమతి యాప్ చూపించుకుంటూ శరణార్థుల్లా నడిచారు. బి టవర్ సంయుక్తకు పురిటి నొప్పులొస్తే, అంబులెన్సు డ్రైవరు రెండు దేశాల అనుమతి కోసం ఎదురుచూశాడు. ఎల్లేశం బండి బల్ల ఎత్తి కుండీల మీద వేసి, స్ట్రెచర్‌ను పై నుంచి దాటించాల్సి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రిలోనే పుట్టిందని భద్రతా మండలి సంతోషం వెలిబుచ్చుతూ తీర్మానం చేసింది.

ఆ తీర్మానంతో సంయుక్త భర్త సంతోషించలేదు. మళ్ళీ కంచం చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి అతని వెనకాల ఐదు టవర్లూ ఉన్నాయి. కమల్ కాసాలో కూడా కంచాల మోత వినిపిస్తోంది. ఎన్నికలకు రెండే రోజులు. భీమేశ్వరరావుగారికి మొదటిసారి భయం వేసింది. వెనక్కి తగ్గితే పిరికివాడంటారు, తగ్గకపోతే ఓడిస్తారు.

అప్పుడు వచ్చాడు మహేశ్ అన్న.

మహేశ్ అన్న మా మున్సిపల్ డివిజన్ నాయకుడు. వయసు ముప్పై అయిదు, వెంట ఆరు కార్లు. ఆయనది అధికార పార్టీ. పార్టీ మారినా అధికారం మారదు. బాట మధ్యలో దిగి, ఎల్లేశం బల్ల మీద కూర్చుని, ఇద్దరు అధ్యక్షుల్నీ చెరోపక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అంకుల్, మీరిద్దరు పెద్దమనుషులు. సదువుకున్నోళ్ళు. మీరే గిట్ల కొట్లాడుకుంటే బస్తీలల్ల మేమేం జెప్పాలె?"

"ముందు వాళ్ళని వెనక్కి తగ్గమనండి" అన్నారు భీమేశ్వరరావుగారు.

"ముందు మొదలెట్టినవాళ్ళు తగ్గాలండీ" అన్నారు రామ్మోహనరావుగారు.

"ఇద్దరొక్కపారే తగ్గుండ్రి. ఎవ్వరి ఇజ్జత్ పోదు. బాట మీద మీ మనుషులొద్దు, వాళ్ళ మనుషులొద్దు. మా పోరగాళ్ళు జర చూసుకుంటరు. శాంతి కోసం."

"ఎంతకాలం?"

"మీకు శాంతి అయ్యేదాంక అంకుల్. నోటిమాట చాలు. రాతలు గీతలేం వద్దు."

నోటిమాట! భీమేశ్వరరావుగారు నిటారుగా కూర్చున్నారు. ఆయన జీవితంలో నోటిమాట మీద ఒక్క ఫైలూ కదలలేదు. రేపు రామ్మోహనరావు మాట తప్పి మళ్ళీ బాట తనదంటే?

"అలా కుదరదయ్యా. కాగితం ఉండాలి. స్టాంపు పేపరు మీద. వాళ్ళ చేత రాయించాలి, ఈ బాట మీద తమకు ఏ హక్కూ లేదని."

"అయితే మీరూ రాయాలి" అన్నారు రామ్మోహనరావుగారు వెంటనే.

"తప్పకుండా. నేనే డ్రాఫ్టు చేస్తాను."

మహేశ్ అన్న రెండు చేతులూ జోడించాడు. "నేనైతే అడగలే అంకుల్. మీరెట్లంటే గట్ల."

ఆ డ్రాఫ్టు ఆయన వృత్తి జీవితానికే మణిపూస. 'సదరు బండ్లబాటపై మాకు గానీ, మా వారసులకు గానీ, మా తరపున వచ్చు ఎవరికి గానీ, ఇప్పుడు గానీ ఇకముందు గానీ, ఎట్టి హక్కు, భుక్తము, దఖలు, నడక మార్గపు హక్కుతో సహా, లేవనియు, ఉండబోవనియు...' రామ్మోహనరావు తప్పించుకోవడానికి సూది మొన అంత సందు కూడా వదల్లేదు. ఇద్దరూ ఒకే డ్రాఫ్టు మీద విడివిడిగా సంతకాలు చేశారు. నోటరీ ముద్ర కూడా భీమేశ్వరరావుగారే పట్టుబట్టి వేయించారు. రెండు ఒరిజినళ్ళూ భద్రంగా ఉండాలి కదా, తటస్థుడి దగ్గర ఉంచుదామని మహేశ్ అన్నకే ఇచ్చారు.

"నడక హక్కు కూడా రాయించారేంటి సర్?" అని అవినాష్ నసిగాడు.

"అదే వదిలేస్తే రామ్మోహనరావు నడుచుకుంటూ వచ్చేస్తాడయ్యా!"

బలగాలు వెనక్కి వచ్చాయి. కుండీలు తొలగించారు. నీలమ్మ వంటకు వచ్చింది. క్యాబులు గేటు దాకా వచ్చాయి. ఆదివారం నాడు ఓటర్లు యుద్ధాన్ని ఆపిన మహానుభావుడికి ఓటేశారు. యుద్ధం మొదలుపెట్టింది ఎవరో అప్పటికి చాలామందికి గుర్తు లేదు. యశస్విని ఓడింది. కమల్ కాసాలోనూ అదే రోజు ఎన్నికలు జరిగి, అక్కడా శాంతిదూతే గెలిచాడు. భీమేశ్వరరావుగారు మూడోసారి ప్రెసిడెంటుగారయ్యారు.

సోమవారం పొద్దున నాగేశ్వరిగారు బాల్కనీలోంచి పిలిచారు.

"ఏమండీ, బాట నీలంగా ఉందేంటండీ?"

బాటకు రెండు వైపులా నీలం రేకులు లేచాయి. మెయిన్ రోడ్డు వైపు ఒక కంటెయినర్ ఆఫీసు, దానికి కరెంటు మీటరు, పక్కనే మనిషి పట్టేంత చిన్న గుడి, గుడికి మైకు. అన్నిటికంటే ముందు కొత్త బూమ్ బారియర్. దాని మీద బోర్డు. 'ఈ స్థలం మహేశ్ అన్న యువసేన వారిది. ఇతరులు ప్రవేశించరాదు.' ఎల్లేశం బండి మాత్రం అక్కడే ఉంది. నెత్తి మీద మహేశ్ అన్న ఫోటో ఒకటి కట్టుకుని ఉంది.

పది గంటలకల్లా ఇంటింటికీ పాసులు వచ్చాయి. నివాసులకు పసుపు రంగువి. గేటు దాటి వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ చూపించాలి. అధ్యక్షులకు మాత్రం ఎర్రది, బంగారు అంచుతో, 'గౌరవ సందర్శకులు' అని.

భీమేశ్వరరావుగారు దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. 'మన భద్రతా మండలి కృషికి దక్కిన గుర్తింపు. ఇకపై అన్న అనుమతి లేకుండా ఈ ప్రాంతంలోకి చీమ కూడా రాలేదు.' దాని కింద దండాల బొమ్మలు బారులు తీరాయి.

యశస్విని ఒక్కతే అడిగింది. "మన ఇంట్లోంచి బయటికెళ్ళడానికి మనకి పాసెందుకు అంకుల్?"

ఆయన జవాబు రాయబోతూ కిటికీలోంచి చూశారు. బారియర్ లేచింది. రామ్మోహనరావుగారి కారు ఆగకుండా వెళ్ళిపోయింది. భీమేశ్వరరావుగారు గబుక్కున తన పాసు తిప్పి చూసుకున్నారు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది. 'నడక మాత్రమే.'

గంటలో అత్యవసర సమావేశం. మళ్ళీ మైకు.

"వాళ్ళకి కారు పాసట, మనకి నడక పాసట! ఇది మన సార్వభౌమత్వానికి గొడ్డలిపెట్టు! దీన్ని చూస్తూ ఊరుకునే ప్రసక్తే లేదు!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల ఊపులోనే ఆయన పట్టుశాలువా ఒకటి, ఆపిల్ పళ్ళ బుట్ట ఒకటి పట్టుకుని, ఎర్రపాసు చూపించి, కాలినడకన కంటెయినర్ ఆఫీసుకు బయల్దేరారు. బయట బెంచీ మీద అప్పటికే రామ్మోహనరావుగారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో గజమాల, దాని పక్కన ఇంకా పెద్ద బుట్ట.

భీమేశ్వరరావుగారు ఆశ్చర్యపోయారు. "మీరెందుకండీ వచ్చారు? మీకు కారు పాసు ఇచ్చారుగా?"

"ఇచ్చారండీ" అన్నారు రామ్మోహనరావుగారు, బెంచీ మీద కాస్త జరిగి చోటిస్తూ. "మీకివ్వద్దని చెప్పిపోదామని వచ్చాను."